సముద్రపు చారు

కిందటి నెల ఫుకువోకా నుంచి మా మేనకోడలు ఓ పార్సెలు పంపింది. అట్టపెట్టె విప్పానో లేదో, ఇల్లంతా చేపల బజారు వాసన గుప్పుమంది. వీధిగదిలో పేపరు చూసుకుంటున్న మావారు అక్కణ్ణుంచే, "ఉప్పాడ నుంచి ఎండుచేపలు తెప్పించావా ఏమిటి?" అన్నారు.

ఉప్పాడ కాదు, జపాను. పెట్టెలో నాలుగు పొట్లాలున్నాయి. ఒకదాంట్లో పాత చెప్పు అట్టలాగా నల్లగా, బిరుసుగా, పైన తెల్లటి పొడి పట్టిన ముక్కలు. రెండోదాంట్లో వడ్రంగి చిత్రిక పడితే రాలే పొట్టులాంటి పల్చటి గులాబిరంగు రేకులు. మూడోదాంట్లో తెల్లటి లావుపాటి నూడుల్సు. నాలుగోదాంట్లో, చదరంగా కత్తిరించిన ముదురాకుపచ్చ కాయితాల కట్ట. వాటితోపాటు ఓ ఉత్తరం. "అత్తా, ఇక్కడ మేం చలికాలమంతా రొయ్యలూ చేపముక్కలూ వేసిన ఈ నూడుల్సు చారుతోనే బతుకుతాం. పద్ధతి రాశాను, చేసి చూడు. ఆ పచ్చకాయితాలు మాత్రం నానమ్మకి తప్పకుండా చూపించు. ఆవిడకి వాటితో పాత పరిచయం ఉంది కదా!" అని.

మా అమ్మకీ జపాను కాయితాలకీ పరిచయమేమిటో నాకు వెంటనే తట్టలేదు. సరే, ముందు వంట సంగతి చూద్దామని కొంగు బిగించాను.

ఏ వంటకైనా పునాది ఒకటుంటుంది కదా. మనకు పోపు ఎలాగో జపాను వాళ్ళకు "దాషి" అలాగ. నాకా మాట మొదట "దాసి" అని వినిపించింది. చేసి చూస్తే ఆ పేరే సబబేమో అనిపించింది. తానెక్కడా పైకి కనిపించదు, వడ్డనలో దాని పేరు ఎవరూ ఎత్తరు, కానీ భోజనమంతా దాని రెక్కల మీదే నడుస్తుంది.

ఆ చెప్పు అట్టలాంటి దాని పేరు కొంబు. కొమ్ము కాదండీ, కొంబే. ఉత్తరాన హొక్కైదో దీవి చుట్టూ ఉన్న చల్లటి సముద్రంలో బారలకొద్దీ పొడుగు పెరిగే నాచు. మగవాళ్ళు పడవల మీద వెళ్ళి పొడుగాటి కర్రలతో మెలితిప్పి లాక్కొస్తే, ఒడ్డున ఆడవాళ్ళు గులకరాళ్ళ మీద పరిచి ఎండబెట్టేవారు. రైళ్ళూ స్టీమర్లూ లేని కాలంలో, దాన్ని నింపుకున్న తెరచాప ఓడలు పశ్చిమతీరం వెంబడే దిగి ఒసాకా దాకా వచ్చేవి. అందుకే కొంబు ఒక్క ఆకైనా మొలవని ఒసాకా, క్యోటో నగరాలు కొంబు చారుకి పేరు మోశాయి. మిరపకాయ పుట్టిన దేశం ఒకటీ, దాన్ని గుంటూరులో నెత్తిన పెట్టుకున్నది మనమూ. ఇదీ అంతే!

దాషి చెయ్యడం మన చారు కంటే తేలిక. లీటరు నీళ్ళకు అరచేతి వెడల్పు కొంబు ముక్క చాలు. పైనున్న తెల్లటి పొడి బూజు కాదు, రుచి. కడగకుండా తడిగుడ్డతో తుడిచి, అరగంట నానబెట్టి, సన్నటి సెగ మీద పెట్టాలి. నీళ్ళు తెర్లబోతున్నాయనగా ముక్క తీసెయ్యాలి. మరిగిందో, చేదూ జిగురూ దిగుతాయి. అప్పుడా గులాబి రేకులు రెండు గుప్పిళ్ళు వేసి పొయ్యి ఆర్పెయ్యాలి. రేకులు అడుక్కి దిగేదాకా రెండు నిమిషాలాగి పల్చటి గుడ్డలో వడకట్టుకోవడమే. ఆ రేకులేమిటంటారా? బొనిటో అనే చేపను ఉడకబెట్టి, పొగబెట్టి, మంచిరకమైతే బూజు కూడా పట్టించి, నెలల తరబడి ఆరబెడితే కొయ్యదిమ్మలా తయారవుతుంది. దాన్ని చిత్రికపెట్టె మీద గీసిన పొట్టు అది. పొద్దున్నే ఆ దిమ్మను గీసే చప్పుడుతో ఇల్లు మేలుకోవడం ఒకప్పటి జపాను ఇళ్ళలో మామూలు విషయం. మన ఇళ్ళలో కవ్వం చప్పుడులాగ.

వడకట్టిన నీళ్ళు లేత బంగారు రంగులో ఉన్నాయి. చెంచాతో రుచి చూశాను. ఉప్పు కాదు, పులుపు కాదు, తీపి కాదు, కారం అసలే కాదు. అయినా ఏదో ఉంది. నాలుక మీద నిండుగా కూర్చుని కదలనంటోంది.

1908లో టోక్యో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే కికునాయె ఇకెదా అనే ఆచార్యుడికి సరిగ్గా ఇదే అనుమానం వచ్చింది. ఇంట్లో భోజనానికి కూచుని, చారు ఇంత రుచిగా ఉందేమిటని భార్యనడిగితే, ఆవిడ కొంబు ముక్క చూపించిందని కథ చెప్పుకుంటారు. ఆయన పన్నెండు కిలోల కొంబును వండి వార్చి, చివరికి ముప్పై గ్రాముల గ్లుటామిక్ ఆమ్లం తీశాడు. అందులోని రుచికి "ఉమామి" అని పేరు పెట్టాడు. మనం షడ్రుచులంటాం చూడండి, ఆ పట్టికలో చోటు దొరకని రుచి అన్నమాట. మరుసటి ఏడాదే అది సీసాల్లోకెక్కి బజారుకొచ్చింది. పేరు అజినొమోతో, అంటే రుచికి మూలం అని అర్థం. మన వీధిచివర ఫ్రైడ్ రైస్ బండివాడు చిటికెడు విదిలించే తెల్లటి పొడి పూర్వీకుడు ఈ చారేనంటే నమ్ముతారా! 1913లో ఆయన శిష్యుడు షింతారో కొదామా చేపరేకుల్లోని రుచిపదార్థమేదో తేల్చాడు. ఈ రెండూ కలిస్తే ఒకటీ ఒకటీ రెండు కాదు, అంతకు ఎన్నో రెట్లవుతుందని 1950ల చివరలో అకిరా కునినాకా అనే మరో శాస్త్రవేత్త చూపించాడు. జపాను ఇల్లాళ్ళు కొన్ని వందల ఏళ్ళుగా ఆ రెంటినీ ఒకే గిన్నెలో కలుపుతున్నారు. కాకపోతే వాళ్ళెవరూ వ్యాసం రాయలేదు.

ఇక నూడుల్సు. వీటిని విడిగా ఉడికించుకుని, చన్నీళ్ళతో కడిగి పక్కన పెట్టుకోవాలి. అన్నీ కలిపి వండే పద్ధతి కూడా ఉందని మా మేనకోడలు రాసింది. అది నాగసాకి వాళ్ళది. జపాను రెండువందల ఏళ్ళకు పైగా పరదేశులకు తలుపులు మూసుకున్న రోజుల్లో, నాగసాకి రేవు ఒక్కటే చైనావాళ్ళకూ డచ్చివాళ్ళకూ తెరిచి ఉండేది. డచ్చివాళ్ళను 1641 నుంచి దెజిమా అనే చిన్న దీవిలోనూ, చైనా వర్తకులను 1689 నుంచి గోడకట్టిన ఒక పేటలోనూ ఉంచేవారు. తలుపులు తెరుచుకున్నాక చైనాలోని ఫుజియన్ నుంచి వచ్చిన చెన్ పింగ్‌షున్ అనే ఆయన 1899లో అక్కడ షికైరో అని భోజనశాల పెట్టాడు. చదువుకోవడానికొచ్చిన చైనా కుర్రాళ్ళకు కడుపు నిండాలి, జేబు ఖాళీ కాకూడదు. అందుకని దొరికిన రొయ్య, చేప, పందిమాంసం, క్యాబేజీ, మొలకలు అన్నీ బాణలిలో వేయించి, ఎముకల రసం పోసి, అందులోనే నూడుల్సు ఉడికించి గిన్నెనిండా ఇచ్చేవాడట. దాని పేరు చాంపోన్. జపాను వాడుకలో ఆ మాటకు కలగాపులగం అనే అర్థం. హాస్టలు పిల్లల ఆకలి లోంచి పుట్టిన వంటలు ఎక్కడైనా ఇలాగే ఉంటాయి కాబోలు.

ఇప్పుడు పిల్లలు రెండు నిమిషాల్లో ఉడికించుకునే నూడుల్సు పొట్లానికీ ఒక కథ ఉంది. యుద్ధంలో ఓడిన జపానులో తిండికి కటకటగా ఉన్న రోజుల్లో, నూడుల్సు చారు కోసం వీధి బండ్ల ముందు జనం చలిలో బారులు తీరి నిలబడడం చూశాడట మొమొఫుకు ఆందో అనే ఆయన. ఇంటి వెనక పాకలో కూచుని ఏడాదిపాటు అవస్థపడి, 1958లో నీళ్ళు పోస్తే తయారయ్యే నూడుల్సు కనిపెట్టాడు. ఉడికిన నూడుల్సును ఆరబెట్టడమెలాగో తోచక తల పట్టుకున్నప్పుడు, భార్య నూనెలో తెంపురా వేయిస్తుంటే చూసి, అలా వేయిస్తే తడి పోతుందన్న ఉపాయం తట్టిందట.

గమనించారా? ఇకెదా గారి కథలోనూ, ఆందో గారి కథలోనూ పొయ్యి దగ్గర ఒక ఆడమనిషి ఉంది. పేటెంటు కాయితం దగ్గరికొచ్చేసరికి లేదు. వాళ్ళ శ్రమను తక్కువ చెయ్యాలని కాదు. పన్నెండు కిలోల నాచు వండడం తమాషా కాదు. గమనించానని చెప్పడమే.

నేనిలా చారు పని చూస్తుండగా అమ్మ వంటింట్లోకి వచ్చింది. ఈ మధ్య నా దగ్గరే ఉంటోంది. డెబ్భై అయిదు నిండాయి. రొయ్యలు వలిచే పని ఇంకా నాకు అప్పగించదు. వీపు మీది నల్లనరం నేను సరిగ్గా తియ్యనని ఆవిడ అభిప్రాయం. పావుకిలో రొయ్యలు, నాలుగు వంజరం ముక్కలు శుభ్రం చేసిచ్చి, చెయ్యి కడుక్కుని, బల్ల మీదున్న పచ్చకాయితాల కట్ట చేతిలోకి తీసుకుంది. ఒక కాయితం వెలుగుకెదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"పోర్ఫైరా," అంది.

"అది నోరి అమ్మా," అన్నాను. నోరి అనగానే నాకు నోరి నరసింహశాస్త్రి గారి చారిత్రక నవలలు గుర్తొచ్చాయి గానీ, ఇంకేమీ తట్టలేదు.

"వాళ్ళ భాషలో నోరి. మా పుస్తకంలో పోర్ఫైరా. వైజాగు రాళ్ళ మీద కూడా ఉంటుంది. కాయితం మీదికి ఎక్కించడం కూడా మేం హెర్బేరియం షీటు చేసినట్టే చేశారు, చూడు. తొట్టిలో నీళ్ళు పోసి, అందులో నాచు తేలనిచ్చి, కింద నుంచి కాయితం పోనిచ్చి, ఒడుపుగా పైకెత్తి ఆరబెట్టాలి. దాని జిగురుతో అదే అంటుకుంటుంది."

అప్పుడు గుర్తొచ్చింది నాకు పాత పరిచయమంటే ఏమిటో. మా అమ్మ బి.యస్సీ. వృక్షశాస్త్రం. 1970లో పాసయి, ఓ కాలేజీలో ఎనిమిది నెలలు డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసింది. ఆ తర్వాత పెళ్ళి. ఆ తర్వాత అన్నయ్య, నేను. ఈ సంగతి నాకు తెలుసు. మా ఇంటి నంబరు తెలిసినట్టు తెలుసు. ఎన్నడూ దాని గురించి ఆలోచించలేదు.

విశాఖ రాళ్ళ మాట ఆవిడ ఉబుసుపోకకు అన్నది కాదు. అక్కడి తీరపు రాళ్ళమీద పెరిగే ఈ జాతి నాచును ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రజ్ఞులు 1960లలోనే పరిశీలించి వ్యాసాలు రాశారు.

మా మేనకోడలి ఉత్తరంలో రెండో కాయితం ఉంది. అది నోరి గురించి. అమ్మకు చదివి వినిపించాను. మీకూ చెబుతాను.

నోరిని జపానువాళ్ళు మూడువందల ఏళ్ళ నుంచీ పండిస్తున్నారు. పండించడమంటే, శరత్కాలంలో లోతులేని సముద్రంలో కొమ్మలూ వెదుళ్ళూ పాతి, దండం పెట్టుకుని కూచోవడమే. విత్తనం ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. చలికాలంలో ఆకు వేస్తుంది, వసంతం వెళ్ళేసరికి మాయమవుతుంది. వేసవంతా ఎక్కడుంటుందో ఎవరూ చూడలేదు. ఒక ఏడు విరగపండేది, ఒక ఏడు ఆకు కనిపించేది కాదు. అందుకని దానికి "అదృష్టపు గడ్డి" అని పేరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ అదృష్టం కాస్తా ముఖం చాటేసింది. పంట దెబ్బతిని, నోరినే నమ్ముకున్న పల్లెలు దిక్కుతోచక నిలబడ్డాయి.

దిక్కు చూపించింది జపానులో కాదు. ఇంగ్లండులో, మాంచెస్టరులో.

అక్కడ కాత్లీన్ డ్రూ అనే ఆవిడ ఉండేది. 1901లో పుట్టింది. వృక్షశాస్త్రంలో మొదటి శ్రేణిలో పట్టా తీసుకుని, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలయింది. రెండేళ్ళు కాలిఫోర్నియా వెళ్ళి పరిశోధన చేసింది. 1928లో తోటి అధ్యాపకుణ్ణి, బేకర్ అనే ఆయన్ను పెళ్ళి చేసుకుంది. పెళ్ళయిన స్త్రీలకు అధ్యాపక ఉద్యోగం ఇవ్వకూడదన్నది అప్పట్లో ఆ విశ్వవిద్యాలయం నియమం. ఆయన ఉద్యోగం ఉంది. ఈవిడది పోయింది.

పోతే పోయిందని ఊరుకోలేదు. ఉద్యోగం లేకపోయినా అదే ప్రయోగశాలలో నాచుల మీద పని సాగించింది. ఇద్దరు పిల్లల్ని పెంచుతూనే. ఆటుపోట్లు వచ్చినట్టు నీళ్ళు ఎక్కిదిగే ఒక తొట్టి ఆవిడకోసం భర్తే తయారుచేసి ఇచ్చాడట. ఆ మాత్రం చేసే మొగుడు దొరకడం కూడా అదృష్టపు గడ్డి లాంటిదే!

ఆవిడ పెంచింది నోరికి చెల్లెలి వరసైన ఇంగ్లండు నాచు. దాని బీజాలు మొలిచి సన్నటి దారపు పోగుల్లా తయారయ్యాయి. తొట్టిలో ఆల్చిప్పలు వేస్తే ఆ పోగులు చిప్పలోపలికి తొలుచుకుపోయి, గులాబిరంగు మచ్చల్లా పెరిగాయి. చిప్పల్లో ఉండే ఆ గులాబి నాచును అప్పటికి యాభై ఏళ్ళకు పైగా వేరే మొక్క అనుకుని, వేరే పేరు పెట్టి పిలుస్తున్నారు. గొంగళిపురుగు వేరు, సీతాకోకచిలుక వేరు అనుకున్నట్టు! రెండూ ఒకటేనని ఆవిడ 1949లో నేచర్ పత్రికలో ఓ చిన్న వ్యాసం రాసింది. అంటే, వేసవిలో మాయమయ్యే నోరి ఎక్కడికీ పోవడం లేదు. ఆల్చిప్పలో ఉన్న పుట్టింటికి వెళుతోంది. చలి మొదలవగానే మళ్ళీ వస్తోంది.

క్యూషూ విశ్వవిద్యాలయంలో సెగావా అనే శాస్త్రవేత్త ఆ సంగతి తెలుసుకుని, జపాను నోరి విషయంలోనూ అది నిజమేనని తేల్చాడు. కొద్ది ఏళ్ళకే కుమామోతో ప్రాంతంలో, తొట్లలో ఆల్చిప్పలు పెట్టి, వేసవంతా ఆ పోగుల్ని పెంచి, శరత్తులో వలలకు విత్తనం ఎక్కించి సముద్రంలో కట్టే పద్ధతి వచ్చేసింది. దండం పెట్టుకుని కూచునే రోజులు పోయాయి. ఈనాడు జపానులో ఏటా కోట్లకొద్దీ తయారయ్యే నోరి కాయితాలకు ఆధారం ఇదే.

ఆవిడ 1957లో, షష్టిపూర్తి వయసైనా రాకుండానే పోయింది. జపానులో ఎన్నడూ అడుగుపెట్టలేదు. కానీ అక్కడి నోరి రైతులు చందాలు వేసుకుని, 1963 ఏప్రిల్ 14న, అరియాకే సముద్రం కనిపించేలా ఉతో అనే ఊళ్ళో ఆవిడకు స్మారకశిల కట్టించారు. ఏటా ఆ రోజున అక్కడ ఆవిడ పేర ఉత్సవం చేస్తారు. "సముద్రమాత" అని పిలుస్తారు. "నేను చూసొచ్చాను అత్తా, ఫుకువోకాకి ఏమంత దూరం కాదు," అని రాసింది మా మేనకోడలు.

చదవడం అయ్యాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ బొమ్మ నేను ఎన్నిసార్లు వేశానో. పరీక్షల్లో తప్పకుండా అడిగేవాళ్ళు. చిప్ప, అందులో పోగులు. పక్కన బ్రాకెట్లో 'డ్రూ' అని ఉండేది, సంవత్సరం ఉండేది. మగవాడనుకున్నాను. క్లాసులో అందరం మగవాడనే అనుకున్నాం."

నేను నవలలు రాస్తాను. నా కథానాయికలు ఉద్యోగాల కోసం అత్తమామల్ని ఎదిరిస్తారు, మొగుళ్ళను నిలదీస్తారు, సూటుకేసు పట్టుకుని గడపలు దాటుతారు. వాళ్ళ చేత అన్ని ప్రశ్నలు అడిగించిన నేను, మా అమ్మను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ పూట, రొయ్యల గిన్నె ముందు నిలబడి అడిగాను. "ఎందుకు మానేశావమ్మా?"

"మానెయ్యమన్నారు, మానేశాను," అంది. కోపం లేదు, ఏడుపు లేదు. "డబ్బు కోసం కోడల్ని పనికి పంపుతున్నారంటారని మీ బామ్మ భయం. మీ నాన్న ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది." కాస్త ఆగి మళ్ళీ అంది. "ఆవిడకి జీతం ఆపేశారు గానీ లాబొరేటరీ తలుపు మూయలేదు చూడు. జీతం లేకపోయినా నేనూ వెళ్ళేదాన్ని."

దీనికి నేను ఏం జవాబు చెప్పను? చారు పొయ్యి మీదికెక్కించాను. అందులో రెండు చెంచాల సోయాసాసు, చిటికెడు పంచదార, తగినంత ఉప్పు. తెర్లుతుండగా చేపముక్కలు, అవి ఉడికాక రొయ్యలు. రొయ్యలు ఎర్రబడి వంకీ తిరగగానే దించెయ్యాలి, లేకపోతే రబ్బరే. గిన్నెల్లో నూడుల్సు పెట్టి, పైన చారు పోసి, ఉల్లికాడలు చల్లి, పచ్చకాయితం నాలుగు ముక్కలుగా చింపి అంచున నిలబెట్టాలి. వేడి తగలగానే కాయితం మెత్తబడి, మళ్ళీ సముద్రంలో ఉన్నప్పటిలా ఆకై పరుచుకుంటుంది.

మావారు ముక్కు సంగతి మరిచిపోయి రెండోసారి పోయించుకున్నారు. అమ్మ మాత్రం, "కాస్త మిరియంపొడి పడాలి," అంది. ఆవిడ అన్నది నిజమే. పార్సెలు అయిపోయాక నేను ఎండురొయ్యలూ టమాటాలూ మరిగించి అదే చారు చేస్తున్నాను. టమాటాలో కూడా ఆ ఉమామి దండిగా ఉందిట లెండి. జపాను వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, మా ఇంట్లో ఒప్పుకున్నారు.

ఆ రాత్రి అమ్మ తన ట్రంకుపెట్టె తీసింది. హెర్బేరియం షీట్లు చాలావరకు 1996 నవంబరు తుపానులో తడిసి పాడైపోయాయి. నిఘంటువు పేజీల మధ్య ఒక్కటి మిగిలింది. వెలిసిన మట్టిరంగు ఆకు, కింద మా అమ్మ కన్నెవయసు దస్తూరీలో నాచు పేరు, ఊరు, తేదీ. దస్తూరీ ఎంత ముత్యాల్లా ఉందో! చాకలిపద్దుల్లో, పాలలెక్కల్లో తప్ప ఆ అక్షరాలను నేను మరెక్కడా చూడలేదు.

మర్నాడు మా మేనకోడలు ఫోను చేసింది. "నానమ్మా, వచ్చే ఏప్రిల్ పధ్నాలుగుకి ఇక్కడికి రాకూడదూ? నేను తీసుకెళతాను," అంది.

"ఈ మోకాళ్ళతోనా! చాల్లే," అని నవ్వి ఫోను నా చేతికిచ్చేసింది.

సాయంత్రం నేను రాసుకుంటుంటే వచ్చి పక్కన కూచుంది. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, లేవబోతూ అడిగింది.

"అవునే, పాస్‌పోర్టుకి పెట్టుకుంటే ఎన్నాళ్ళు పడుతుంది?"